2000 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా అల్ గోర్‌కు దక్కి ఉంటే నిజంగా ఏం మారేది?

పాతబ్యాలెట్:
ఫ్లోరిడాలో బుష్ ఆధిక్యం 537 ఓట్లు. అధ్యక్షుణ్ణి తేల్చేవి రాష్ట్రాల వారీ ఎలక్టోరల్ ఓట్లు; అక్కడి 25 ఇటు వస్తే గోర్ అధ్యక్షుడు. ఇరాక్ యుద్ధం ఉండదు, వాతావరణ మార్పుపై క్యోటో ఒప్పందం గట్టెక్కుతుంది, సుప్రీంకోర్టు తీరు మారుతుంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ఓటులెక్క:
ముందు ఆయన ఎలా గెలుస్తాడో తేల్చాలి. డిసెంబర్ 12న సుప్రీంకోర్టు లెక్కింపు ఆపకపోతే గోర్ గెలిచేవాడని చాలామంది అంటారు. ఫ్లోరిడా కోర్టు తిరిగి లెక్కించమన్నది యంత్రానికి గుర్తు దొరకని బ్యాలెట్లనే. 2001లో పత్రికలు కలిసి చేయించిన పరిశీలనలో ఆ పద్ధతిన బుష్‌దే పైచేయి. రాష్ట్రమంతటా చెల్లని బ్యాలెట్లన్నీ చూస్తేనే గోర్ కొద్దిలో ముందుకొస్తాడు.

కథ మలుపు తిరగాల్సింది ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీ బ్యాలెట్ దగ్గర. పేర్లు రెండు పేజీల్లో, రంధ్రాలు మధ్యలో ఒకే వరుసలో. ఎడమవైపు రెండో పేరు గోర్‌ది, కానీ రెండో రంధ్రం కుడివైపున్న మరో అభ్యర్థి బుకానన్‌ది. గోర్‌ది మూడోది. బుకానన్‌కు ఆ ఒక్క కౌంటీలో 3,407 ఓట్లు పడ్డాయి. గోర్, బుకానన్ ఇద్దరికీ పొడిచి చెల్లకుండా పోయినవి 5 వేలకు పైనే. పేర్లన్నీ ఒకే పేజీలో అచ్చేసి ఉంటే కోర్టుల దాకా వెళ్లే పనే లేదు.

సెనేట్‌గది:
సరే, గెలిచాడు. మరి ఆయన ఉపాధ్యక్ష అభ్యర్థి లీబర్‌మన్ సీటు? లీబర్‌మన్ అదే రోజు కనెక్టికట్ రాష్ట్రం నుంచి సెనేట్‌కూ గెలిచాడు. ఉపాధ్యక్షుడైతే ఆ సీటు వదలాలి, ఖాళీని నింపేది గవర్నర్ రోలండ్, రిపబ్లికన్. 50–50 సభ రిపబ్లికన్ల వైపు 51–49 అవుతుంది. బుష్ హయాంలో విసిగి 2001లో పార్టీ వదిలిన రిపబ్లికన్ సెనేటర్ జెఫర్డ్స్‌కు ఇక్కడ ఆ అవసరమే రాదు. ప్రతినిధుల సభ ఎలాగూ రిపబ్లికన్లదే.

కాబట్టి క్యోటో ఆశ వదులుకోండి. ఒప్పందానికి సెనేట్‌లో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. వర్ధమాన దేశాలకు బాధ్యత లేని ఒప్పందం వద్దని 1997లోనే 95–0తో తీర్మానించారు. జడ్జీల నియామకాలకూ ఆ సభే తలుపు.

పాతబ్యాలెట్:
లీబర్‌మన్ సంగతి ఒప్పుకుంటాను. కానీ వీటో గోర్ చేతిలోనే ఉంటుంది కదండీ. 2001 పన్ను కోత, పదేళ్లకు 1.35 లక్షల కోట్ల డాలర్లు, ప్రతినిధుల సభలో 240–154తో, సెనేట్‌లో 58–33తో నెగ్గింది. వీటోను తోసిపుచ్చడానికి రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులు కావాలి, రెండూ చాలవు. యుద్ధమూ అంతే, అధ్యక్షుడు అడగనిదే ఇరాక్ యుద్ధానికి అనుమతిచ్చే తీర్మానం సభకు రాదు. 2002 సెప్టెంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో గోర్ దాన్ని బాహాటంగానే వ్యతిరేకించాడు.

తూర్పుగాలి:
పదవిలో లేని మనిషి మాట అది. 1991లో గల్ఫ్ యుద్ధానికి ఓటేసిన కొద్దిమంది డెమోక్రాట్ సెనేటర్లలో ఆయనొకడు. 2002 తీర్మానానికి లీబర్‌మన్ ముందుండి మద్దతిచ్చాడు. సద్దాంపై బాంబు దాడులు జరిగేవి, 1998 డిసెంబర్‌లో జరిగినట్టే. లక్షకు పైగా సైన్యాన్ని దింపి బాగ్దాద్ పట్టడం మాత్రం జరిగేది కాదు. ఇందులో మీతో ఏకీభవిస్తాను.