సీఎఫ్‌టీఆర్ క్లోరైడ్‌ను బయటికి పంపాలి కదా, నా లెక్కలో లోపలికి వస్తోందేంటి?

రెండు రోజులుగా ఒకే బొమ్మ గీసి చెరిపేస్తున్నాను. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు జబ్బులో పాడయ్యే సీఎఫ్‌టీఆర్ ప్రొటీన్ క్లోరైడ్‌కు దారి ఇస్తుందే గానీ పంపులా తోయదు. ఇంతవరకు అర్థమైంది. చెమట నాళం సంగతీ సరిపోయింది: అక్కడ ఉప్పు కణాల్లోకి తిరిగి వెళ్లాలి, ఛానల్ పనిచేయకపోతే చెమటలోనే మిగులుతుంది. అందుకే ఈ జబ్బులో చెమట క్లోరైడ్ సాధారణంగా లీటరుకు 60 మిల్లీమోల్స్ దాటుతుంది.

చిక్కంతా శ్వాసనాళాల దగ్గర. అక్కడ క్లోరైడ్ బయటికి వెళ్లి, వెనకే నీటిని లాక్కెళ్లాలి. 37 డిగ్రీల దగ్గర నెర్న్‌స్ట్ సమీకరణం (ఏ వోల్టేజీ దగ్గర అయాన్ రాకపోకలు సమానమవుతాయో చెప్పేది) వేశాను. కణం లోపల 40, బయట 120 మిల్లీమోలార్ అనుకుంటే మైనస్ 29 మిల్లీవోల్టులు వచ్చింది. కణం పై పొర (గాలి వైపున్నది) వోల్టేజీ మైనస్ 25 అని తీసుకుంటే క్లోరైడ్ కొద్దిగా లోపలికే రావాలి! ప్లస్సు మైనస్సు తారుమారయ్యాయేమోనని మూడుసార్లు చూశాను, లేదు. కింది పొరలోని (రక్తం వైపు) ఎన్‌కేసీసీ1 అనే రవాణా ప్రొటీన్ క్లోరైడ్‌ను లోపలికి చేరవేస్తుందని తెలుసు, దాన్ని కలుపుకునే లోపల 40 అనుకున్నాను.

మరి క్లోరైడ్‌ను బయటికి నెట్టే మిగతా వోల్టేజీ ఎక్కడి నుంచి వస్తుంది: పొటాషియం ఛానళ్లు తెరుచుకోవడం వల్లా, పై పొరలోని సోడియం ఛానల్ మూతపడటం వల్లా?