రేకీ స్థాపకుడు ఉసుయి క్రైస్తవ ఉపాధ్యాయుడన్న కథ హయాషి చెప్పిందా, టకాటా చేర్చిందా?

రేకీ (చేతులు ఆనించి చేసే జపనీస్ చికిత్సా పద్ధతి) నేర్చుకునేవాళ్ల కోసం దాని తొలి చరిత్రపై చిన్న వ్యాసం రాస్తున్నాను. ఒక్కచోట ఆగిపోయాను.

టోక్యోలోని సైహోజీ ఆలయ శ్మశానంలో శిష్యులు 1927 ఫిబ్రవరిలో నిలిపిన స్మారక శిల ఉంది. మికావో ఉసుయి కురామా కొండపై 21 రోజులు ఉపవాసం చేశాడనీ, 1922 ఏప్రిల్‌లో టోక్యోకి మారాడనీ, 1923 భూకంపంలో గాయపడినవాళ్లకి చికిత్స చేశాడనీ అందులో ఉంది. ఆయన బౌద్ధ, క్రైస్తవ గ్రంథాలు చదివాడని ఉంది కానీ, క్రైస్తవ ఉపాధ్యాయుడన్న మాట లేదు.

కానీ 1930ల్లో ఉసుయి శిష్యుడు చుజిరో హయాషి దగ్గర నేర్చుకున్న హవాయి మహిళ హవాయో టకాటా చెప్పిన కథ వేరు. ఉసుయి క్యోటోలోని దోషీషాలో క్రైస్తవ ఉపాధ్యాయుడట, షికాగోలోనూ చదివాడట! ఆ రెండు విశ్వవిద్యాలయాల రికార్డుల్లోనూ ఆయన పేరు దొరకలేదని తర్వాత వెతికినవాళ్లు రాశారు.

శిల అనువాదాలు పోల్చి చూశాను. తెలుగు పుస్తకాలు తిరగేశాను, వాటిలో టకాటా కథే ఆధారం లేకుండా కనిపిస్తోంది. మా గురువుగారిని అడిగితే ‘పరంపరగా వస్తోంది’ అన్నారు. జపనీస్ నాకు రాదు, అందుకే అసలు పత్రాల దగ్గరికి వెళ్లలేకపోతున్నాను.

జపాన్‌లోనే హయాషి దగ్గర నేర్చుకున్న ఇతర శిష్యుల్లో ఎవరైనా ఈ క్రైస్తవ ఉపాధ్యాయుడి కథ చెప్పినట్టు ఆధారం మీకు తెలుసా?