మిగిలిన మశూచి వైరస్‌ను నాశనం చేయాలా, ఉంచాలా?

వేకువ:
మన పల్లెల్లో పెద్దమ్మవారు అని పిలిచి, వేపమండలు కట్టి మొక్కుకున్న మశూచి భూమ్మీద లేదని ప్రపంచ ఆరోగ్య సభ 1980 మే 8న ప్రకటించింది. వ్యాధి పోయినా వైరస్ పోలేదు. అమెరికాలో అట్లాంటాలోనూ, రష్యాలో నొవొసిబిర్స్క్ దగ్గరి కోల్ట్‌సొవోలోనూ సజీవంగానే ఉంది. దానిని నాశనం చేయాలన్నది నా అభిప్రాయం.

కృష్ణాతీరం:
వేకువ గారూ, నాశనం చేసినంత మాత్రాన ముప్పు తొలగుతుందా? కెనడా శాస్త్రవేత్తలు డీఎన్ఏ ముక్కలను బయట తయారు చేయించుకుని, మశూచికి దగ్గరి బంధువైన గుర్రపు పాక్స్ వైరస్‌ను ప్రయోగశాలలోనే నిర్మించి, ఆ వివరాలను 2018లో ప్రచురించారు. మశూచి జన్యుక్రమం 1990ల నుంచీ అందరికీ అందుబాటులో ఉంది. పైగా మశూచికని 2018లో అమెరికాలో ఆమోదం పొందిన టెకోవిరిమాట్ మందు, కాంగోలో ఎంపాక్స్ (మంకీపాక్స్) రోగులపై జరిగి 2024లో ఫలితాలు వెలువడిన పరీక్షలో పుండ్లు త్వరగా మానేలా చేయలేకపోయింది. ఇంకా మెరుగైన మందు కావాలంటే అసలు వైరస్ ఉండాలి కదా?

వేకువ:
మందు విషయంలో మీ ఆందోళన సరైనదే, కానీ అదే ఉదాహరణ నా వాదననూ బలపరుస్తున్నది. టెకోవిరిమాట్‌కు ఆమోదం వచ్చింది మశూచి రోగుల మీద పరీక్షించి కాదు, ఎంపాక్స్ సోకిన కోతుల మీద, కుందేలు పాక్స్ సోకిన కుందేళ్ల మీద వచ్చిన ఫలితాలతో. మశూచి సహజంగా మనిషికే వస్తుంది. కోతులకు తీవ్రంగా సోకాలంటే అతి భారీ మోతాదును నేరుగా రక్తనాళంలోకి ఎక్కించవలసి వచ్చింది. అంటే, వైరస్‌ను ఇంకో యాభై ఏళ్లు దాచినా, మనిషిలో ఆ మందు ఎలా పనిచేస్తుందో అది చెప్పజాలదు. టీకాకైతే మశూచి వైరస్ అవసరమే లేదు, అది వాక్సీనియా అనే వేరే వైరస్‌తో తయారవుతుంది.

ఇక 1978 నాటి ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ఘటనను మరచిపోలేను. సోమాలియాలో చివరి సహజ కేసు నమోదై ఏడాది కూడా నిండకముందే, బర్మింగ్‌హామ్ వైద్య కళాశాలలో మశూచి ప్రయోగశాల పై అంతస్తులో పనిచేసే ఫొటోగ్రాఫర్ జానెట్ పార్కర్‌కు మశూచి సోకింది. ఆమె మరణించారు, ఆమె తల్లికీ సోకినా బతికారు, ప్రయోగశాల అధిపతి ఆత్మహత్య చేసుకున్నారు. వైరస్ ఆమెను ఏ దారిన చేరిందన్న వివాదం నేటికీ తీరలేదు. లోకమంతటా వ్యాధి అంతరించిన తరువాత ఒక నిండు ప్రాణం తీసినది ప్రయోగశాలలో దాచిన వైరసే.

కృష్ణాతీరం:
బర్మింగ్‌హామ్ గురించి నాకు మారుమాట లేదు. అయితే 2014లో అమెరికాలోని బెథెస్డాలో ఉన్న ఒక శీతల గదిలో, 1950ల నాటి మశూచి సీసాలు ఎవరి లెక్కల్లోనూ లేకుండా దొరికాయి, వాటిలో కొన్నింటిలో వైరస్ బతికే ఉంది. లెక్కలో ఉన్న రెండు నిల్వలను కాల్చివేసినా, లెక్కలో లేనివి ఎక్కడున్నాయో ఎవరు చెప్పగలరు? సజీవ వైరస్‌తో మాత్రమే సాధ్యమయ్యే ప్రయోగాలు ఏవో ముందుగా పట్టిక రాసి, వాటికి గడువు విధించి, ఆ గడువు ముగిసిన రోజున రెండు దేశాలూ నిల్వలను నాశనం చేసేలా ఒప్పందం కుదిరితే, నేను మీ పక్షానికే వస్తాను.