లైసెన్స్ మార్చేసే హక్కు కంపెనీకి ఉందా? ప్యాచ్‌లు పంపినవాళ్ల సంగతేంటి?

ప్యాచ్_పిచ్చి:
చాన్నాళ్లుగా మనసులో నలుగుతున్న విషయం అడుగుతున్నా. 2023 ఆగస్టులో హాషికార్ప్ తన సర్వర్ల సెటప్ టూల్ టెర్రాఫార్మ్‌ని ఎంపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ నుంచి, పోటీ వ్యాపారానికి వాడనివ్వని బీఎస్ఎల్‌కి మార్చింది, 2024 మార్చిలో రెడిస్ డేటాబేస్ బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ వదిలేసింది. రెండింటికీ బయటివాళ్లు ఏళ్ల తరబడి ఊరికే పనిచేశారు. నేనూ ఒక చిన్న ప్రాజెక్ట్‌కి రెండేళ్లు ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో మార్పులు, పంపా, ఒకరోజు పొద్దున్నే చూస్తే లైసెన్స్ ఫైల్ మారిపోయి ఉంది, మాటమాత్రం కూడా చెప్పలేదు. ఇది న్యాయమేనా?

డేటాబేస్_మనిషి:
మీ బాధ అర్థమైందండీ, కానీ కంపెనీ వైపు నుంచి కూడా చూడండి. జీతాలిచ్చి డేటాబేస్ కట్టేది ఒకళ్లు, దాన్నే క్లౌడ్‌లో మేనేజ్డ్ సర్వీస్‌గా పెట్టి నెలనెలా బిల్లు వసూలు చేసుకునేది ఇంకొకళ్లు. జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌లో సాఫ్ట్‌వేర్ కాపీ ఎవరికైనా ఇస్తేనే సోర్స్ ఇవ్వాలి, మన సర్వర్‌లో నడుపుకుంటే అక్కర్లేదు. ఆ సందు మూయడానికే, మార్చిన కోడ్‌ని నెట్ మీద వాడేవాళ్లకీ సోర్స్ ఇవ్వాలనే గ్నూ ఏజీపీఎల్ 2007లో వచ్చింది, అదీ చాలదని డేటాబేస్ కంపెనీ మోంగోడీబీ 2018లో ఎస్ఎస్‌పీఎల్ అనే లైసెన్స్ తెచ్చింది. సర్వీస్‌గా అమ్ముకుంటే దాని చుట్టూ ఉండే బ్యాకప్, మానిటరింగ్ సోర్స్ కూడా బయటపెట్టాలని షరతు. బతకాలి కదా మరి.

ఫోర్క్_బాబాయ్:
బతకండి, వద్దనట్లేదు, కానీ దాన్ని ఓపెన్ సోర్స్ అనకండి, ఏది ఓపెన్ సోర్స్ లైసెన్సో తేల్చే సంస్థ ఓఎస్ఐ ఎస్ఎస్‌పీఎల్‌ని ఒప్పుకోలేదు. అయినా మార్చి ఏం సాధించారు? సెర్చ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎలాస్టిక్ 2021లో లైసెన్స్ మారిస్తే అమెజాన్ పాత కోడ్ తీసుకుని ఓపెన్‌సెర్చ్ అనే ఫోర్క్ (విడిగా నడిచే కాపీ) పెట్టుకుంది, అలాగే రెడిస్‌కి వాల్కీ, టెర్రాఫార్మ్‌కి ఓపెన్‌టోఫు పుట్టాయి. చివరికి ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో ఏజీపీఎల్ తెచ్చి కలిపాయి.

డేటాబేస్_మనిషి:
వెనక్కొచ్చినంత మాత్రాన ఓడిపోయినట్టు కాదు బాబాయ్. అమెజాన్ తన ఫోర్క్ మీద పడింది కాబట్టి ఏది ఎవరిదనే పేరు గందరగోళం తీరిందని, అనుకున్నది జరిగిందని ఎలాస్టిక్ వాళ్లే చెప్పారు.

సంతకం_ముందు:
మీరిద్దరూ లైసెన్స్ దగ్గరే ఆగిపోయారు, అసలు తాళంచెవి సీఎల్ఏలో, కోడ్ ఇచ్చేవాళ్లు చేసుకునే ఒప్పందంలో, ఉంది. అంటే మొదటి ప్యాచ్ పంపేటప్పుడు ఒక బాట్ వచ్చి సంతకం పెట్టమంటుందే, అది. మామూలుగా అందులో మన కోడ్‌ని వేరే షరతుల కింద ఇచ్చుకునే హక్కు కూడా కంపెనీకి రాసిచ్చేస్తాం. లినక్స్ కెర్నెల్‌కి సీఎల్ఏ లేదు, ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని చెప్పే సైన్డ్ ఆఫ్ బై లైన్ పెడితే చాలు, ఎవరి కాపీరైట్ వాళ్లదే, అలాంటివాళ్లు వేలమంది, అందుకే జీపీఎల్ మార్చాలంటే వాళ్లందరి ఒప్పుదల కావాలి, అది అయ్యే పని కాదు. రెడిస్ కథ వేరు, బీఎస్‌డీయే అంత వదులు, పాత కాపీరైట్ నోటీసు ఉంచితే కొత్త వెర్షన్‌ని ఎవరైనా ఏ షరతుల కిందైనా ఇవ్వొచ్చు. కాకపోతే ఆ వదులే జనానికీ పనికొచ్చింది, రెడిస్ 7.2.4 వెర్షన్ వరకూ ఇచ్చిన కోడ్‌ని ఎవరూ వెనక్కి లాక్కోలేరు, వాల్కీ అక్కడి నుంచే మొదలైంది. కాబట్టి ప్యాచ్_పిచ్చి గారూ, మీరు దేనిమీద సంతకం పెట్టారో ఒకసారి తీసి చూడండి.

ప్యాచ్_పిచ్చి:
ఇప్పుడే చూశా. సబ్‌లైసెన్స్ (నా కోడ్‌ని ఇంకొకళ్లకి లైసెన్స్ ఇచ్చే) హక్కుతో సహా అన్నీ ఇచ్చేశా, ఆరోజు చదవకుండా టిక్ పెట్టేశా. అంటే చట్టప్రకారం వాళ్ల తప్పు లేదు, ఒప్పుకుంటా. కానీ నెల ముందు ఒక్క మెయిల్ పెట్టి ఉంటే ఆఖరి మూడు ప్యాచ్‌లు పంపాలో వద్దో నేనే తేల్చుకునేవాణ్ణి, ఆ కోపం మాత్రం పోవట్లేదు. కెర్నెల్ పద్ధతిలో, సీఎల్ఏ అడక్కుండా ప్యాచ్‌లు తీసుకునే స్టోరేజ్ ప్రాజెక్ట్‌లు తెలిస్తే చెప్పండి, పని అటు మార్చుకుంటా.