ఎఫ్/4 న్యూటోనియన్ (అద్దాల టెలిస్కోప్) కొందామని ఉంది, 8 ఇంచా 6 ఇంచా? (ఫోటోలకే, ఇదే మొదటి టెలిస్కోప్)

డాబామీద_ఉప్పల్:
అందరికీ నమస్తే. రెండేళ్ళుగా పాత కెనాన్ డీఎస్ఎల్ఆర్, 135 ఎంఎం లెన్స్, చిన్న స్టార్ ట్రాకర్ పెట్టుకుని లాగిస్తున్నా, ఓరియన్ నెబ్యులా, కృత్తికలు, ఆండ్రోమెడా ఇవన్నీ అయిపోయాయి, ఇప్పుడు గెలాక్సీలు కొంచెం పెద్దగా కనపడాలని కోరిక పుట్టింది. గత నెల సెకండ్ హ్యాండ్ లో హెచ్ఈక్యూ5 మౌంట్ (ఆకాశంతో పాటు తిరిగే స్టాండు) దొరికింది, బానే ఉంది. ఇప్పుడు ట్యూబ్ కావాలి. రిఫ్రాక్టర్ల (లెన్స్ టెలిస్కోప్‌ల) రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి, అదే డబ్బుకి 8 ఇంచుల ఎఫ్/4 న్యూటోనియన్ వస్తోంది కదా అని అటు మనసు పోతోంది. ఎఫ్/4 (ఫోకల్ లెంగ్త్ అద్దం వెడల్పుకి నాలుగింతలే) అంటే ఎక్స్‌పోజర్ టైం బాగా తగ్గుతుంది అని అందరూ అంటున్నారు, నాకు నెలలో దొరికేది రెండు మూడు రాత్రులే కాబట్టి అదే ముఖ్యం.
భయాలు: ఒకటి కొలిమేషన్ (అద్దాల్ని ఒకే వరసలోకి సరిచేయడం), ఇంతవరకు ఒక్కసారి కూడా చేయలేదు. రెండు, మా ఇంటికి ఉత్తరం వైపు అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది, ధ్రువ నక్షత్రం కనపడదు, మౌంట్ ని దానికి గురిపెట్టడం (పోలార్ అలైన్‌మెంట్) ఎలా? ట్రాకర్ ఎప్పుడూ ఊరి బయటే వాడాను కాబట్టి ఇన్నాళ్ళూ ఆ సమస్య రాలేదు. మూడు, అసలు డాబా మీద ఈ లైట్లలో ఇది దండగా?

పాతగాజు:
బ్రో, ముందు మౌంట్ సంగతి చూడు. 8 ఇంచుల ఎఫ్/4 ట్యూబ్ రింగులతో కలిపి తొమ్మిది కిలోల దాకా ఉంటుంది, దానికి కోమా కరెక్టర్ (అంచుల్లో నక్షత్రాలకి వచ్చే తోకల్ని సరిచేసే లెన్స్), కెమెరా, గైడ్ కెమెరా (నక్షత్రాన్ని చూస్తూ మౌంట్ ని సరిదిద్దేది), ఫైండర్, వైర్లు కలిస్తే పదకొండు పన్నెండు. హెచ్ఈక్యూ5 కాయితం మీద 13 కిలోలు మోస్తుంది గానీ అది కళ్ళతో చూడడానికి, ఫోటోలకి అందులో మూడింట రెండొంతులు అనుకో. పైగా న్యూటోనియన్ అంటే తెరచాప, బరువు కన్నా గాలి ఎక్కువ ఏడిపిస్తుంది, డాబా మీద ఇంకా. 6 ఇంచుల ఎఫ్/4 తీసుకో, ఆరు కిలోల లోపే, నీ మౌంట్ హాయిగా మోస్తుంది.

ఇంకోటి, చాలామంది తికమకపడేది ఇక్కడే. నెబ్యులాలాంటి పరుచుకున్న వాటికి పిక్సెల్ మీద పడే వెలుగు ఎఫ్ నంబర్ బట్టే. 6 ఇంచ్ ఎఫ్/4 అయినా 8 ఇంచ్ ఎఫ్/4 అయినా ఒకే కెమెరాకి అదే ఎక్స్‌పోజర్. 8 ఇంచ్ లో తేడా ఏంటంటే ఫోకల్ లెంగ్త్ 800, 6 ఇంచ్ లో 600, అంటే బొమ్మ పెద్దగా పడుతుంది, అంతే. నీ డీఎస్ఎల్ఆర్ పిక్సెల్ 4.3 మైక్రాన్లు అనుకుంటే 800 దగ్గర పిక్సెల్ కి 1.1 ఆర్క్ సెకండ్లు (ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు), 600 దగ్గర దాదాపు 1.5. మన ఊళ్ళో పగలంతా ఎండకి కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతుంటే నక్షత్రమే మూడు ఆర్క్ సెకండ్లు ఉబ్బి కూర్చుంటుంది, 1.1 తో నువ్వు అదనంగా పట్టేదేం లేదు.

8 ఇంచ్ మీద మోజు నాకూ ఉండేది, కాదనను. వందేళ్ళ కిందట నిజామియా అబ్జర్వేటరీ వాళ్ళు మన హైదరాబాద్ నుంచే ఆకాశం మ్యాప్ ప్రాజెక్టుకి గాజు ప్లేట్ల మీద ఫోటోలు తీసింది కూడా 8 ఇంచుల ఆస్ట్రోగ్రాఫ్ తోనే. కాకపోతే వాళ్ళకి ఉప్పల్ ఫ్లడ్ లైట్లు లేవు.

కృత్తిక_కర్నూలు:
పాతగాజు గారు మౌంట్ గురించి చెప్పింది కరెక్టే. నేను కొలిమేషన్ గురించి చెప్తా, ఎందుకంటే ఎఫ్/4 కొన్న సగం మంది ఆరు నెలల్లో అమ్మేసేది దీని వల్లే, నేనూ అమ్మబోయాను.

ఎఫ్ నంబర్ తగ్గేకొద్దీ తప్పుకి చోటు ఘనంలో తగ్గుతుంది. కరెక్టర్ లేకుండా కోమా కనపడని మధ్య భాగం ఎఫ్/5 లో 2.75 మిల్లీమీటర్లు, ఎఫ్/4 లో 1.4. నీ సెన్సర్ మూల నుంచి మూలకి 27 మిల్లీమీటర్లు. అంటే కోమా కరెక్టర్ లేకుండా ఎఫ్/4 కొనడం అంటే టైర్లు లేకుండా బండి కొనడమే, ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకో. కొలిమేషన్ కూడా అంతే, ఎఫ్/5 లో చల్తా అనిపించే తప్పు ఎఫ్/4 లో నక్షత్రాలకి తోకలు మొలిపిస్తుంది.

నేను మొదట కొలిమేషన్ లేజర్ కొన్నా, చుక్క మధ్యలో పడుతోంది కదా అని సంబరపడ్డా, ఫోటోలు మాత్రం చెత్త. రెండు నెలలు ట్యూబ్ ని తిట్టుకున్నాక తెలిసింది లేజరే వంకర అని. ఫోకసర్ (కెమెరా తగిలించే గొట్టం) లో పెట్టి లేజర్ ని మెల్లగా గుండ్రంగా తిప్పితే చుక్క అద్దం మీద అక్కడే ఉండాలి, నాది చిన్న సున్నా చుట్టింది. నువ్వు కొనగానే చేయాల్సిన మొదటి పని అదే. ఆ తర్వాత నేను చెషైర్ కి మారాను, కన్ను పెట్టి అద్దాల వరస చూసుకునే మామూలు గొట్టం, బ్యాటరీ లేదు, అబద్ధం చెప్పదు.

వరస ఇది: ఫోకసర్ లోంచి చూస్తే సెకండరీ (ముందున్న చిన్న అద్దం) గుండ్రంగా, సరిగ్గా మధ్యలో కనపడాలి. తర్వాత సెకండరీ వంపు సరిచేసి ప్రైమరీ (వెనకున్న పెద్ద అద్దం) మధ్యలో ఉన్న రింగు గురిలోకి తేవాలి. చివర్లో ప్రైమరీ వెనక స్క్రూలు. మొదటిది సరిగ్గా చేయకుండా మూడోదాన్ని ఎంత తిప్పినా లాభం లేదు, అందరూ మొదలుపెట్టేది మాత్రం మూడోదాంతోనే, అది తేలిక కాబట్టి. ఇంకో ముఖ్యమైనది: అంతా సరిగ్గా కుదిరాక కూడా ఎఫ్/4 లో సెకండరీ నల్లటి నీడ ప్రైమరీ వైపుకి కొంచెం జరిగినట్టు కనపడుతుంది. అది తప్పు కాదు, అలాగే ఉండాలి. దాన్ని మధ్యకి తెద్దామని నేను ఒక ఆదివారం అంతా కూర్చుని ఉన్నదంతా పాడుచేశా.

సెకండరీ స్క్రూలు తిప్పేటప్పుడు ట్యూబ్ ని అడ్డంగా పడుకోబెట్టు. నిలువుగా పెట్టి ఆలెన్ కీ చేజారిందంటే అది నేరుగా ప్రైమరీ మీదే. నా అద్దం మీద చిన్న గాటు ఉంది, ఎలా పడిందో అడక్కు.

రాత్రిబండి_వరంగల్:
అన్నా ఒక్కటి అందరు మర్చిపోయిన్రు. పగటిపూట మూత తీసి ట్యూబ్ డాబా మీద వదలకు. ఆరేడు ఇంచుల అద్దం ఎండను ఒక్క చోటికి గుంజుతది, ఏది అడ్డమొస్తే అది కాలుతది. మా దోస్తు ఫోకసర్ మీది ప్లాస్టిక్ మూత కరిగింది, నవ్వుతున్నడు గని భయపడ్డడు.

డాబామీద_ఉప్పల్:
అందరికీ థాంక్స్, 8 ఇంచ్ మోజు సగం దిగింది. ధ్రువ నక్షత్రం సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకా, ఊళ్ళో నుంచి తీయడానికి డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ (హైడ్రోజన్, ఆక్సిజన్ వెలుగుల్ని మాత్రమే రానిచ్చేది) కొందామా అని కూడా చూస్తున్నా, 3 నానోమీటర్ల వెడల్పు బ్యాండ్ ది బాగుంటుందట కదా?

పాతగాజు:
హైదరాబాద్ లో ధ్రువుడు 17 డిగ్రీల ఎత్తే, అపార్ట్‌మెంట్ లేకపోయినా దుమ్ములో మునిగే ఉంటాడు, బాధపడకు. లాప్‌టాప్ లో నీనా అనే ఆస్ట్రోఫోటో సాఫ్ట్‌వేర్ వేసుకుని అందులో మూడు పాయింట్ల పోలార్ అలైన్‌మెంట్ ప్లగిన్ పెట్టుకో. ఆకాశంలో ఖాళీగా ఉన్న వైపు మూడు ఫోటోలు తీసి ఎటు ఎంత తిప్పాలో అదే చెప్తుంది, ఉత్తరం కనపడక్కర్లేదు. నేను బాల్కనీ నుంచి దక్షిణం వైపే చూస్తూ చేసుకుంటా.

మన అక్షాంశంలో ఇంకో చిక్కుంది, యూరప్ వాళ్ళ వీడియోల్లో ఇది చెప్పరు. మౌంట్ అంత కిందకి వంచినప్పుడు కౌంటర్ వెయిట్ కడ్డీ ట్రైపాడ్ ఉత్తరం కాలు మీదకి వస్తుంది, బరువు కాలికి తగులుతుంది. మధ్యలో ఎక్స్‌టెన్షన్ గొట్టం వేస్తే సమస్య పోతుంది. మోటార్ ఆన్ చేయకముందే చేత్తో అటూ ఇటూ తిప్పి ఎక్కడ తగులుతుందో చూసుకో.

గైడింగ్ కి వీలైతే ఆఫ్ యాక్సిస్ గైడర్ (అదే ట్యూబ్ లోంచి గైడ్ కెమెరాకి వెలుగు పంపేది). ప్రైమరీ అద్దం దాని సీట్లో సన్నగా జరుగుతుంటుంది, పైన విడిగా బిగించిన గైడ్ స్కోప్ కి అది తెలియదు, నక్షత్రాలు మాత్రం సాగుతాయి. డబ్బు లేకపోతే ఎక్స్‌పోజర్ చిన్నవి పెట్టు. ఊళ్ళో ఎఫ్/4 తో ఎలాగూ 30 నుంచి 60 సెకండ్లకే బ్యాక్‌గ్రౌండ్ నిండిపోతుంది, అయిదు నిమిషాలు లాగేదేం లేదు, మూడు వందల ఫ్రేములు తీసి స్టాక్ చేయి (ఒకదానిమీద ఒకటి కలుపు).

డల్లాస్_చుక్కలు:
ఫిల్టర్ గురించి నేను చెప్తా, డబ్బు తగలేసుకున్నవాణ్ణి. ఎఫ్/4 లో వెలుగు బాగా ఏటవాలుగా వస్తుంది, అంచుల నుంచి వచ్చే కిరణాలకి ఫిల్టర్ బ్యాండ్ నీలం వైపు జరుగుతుంది. 3 నానోమీటర్ల సన్న బ్యాండ్ అయితే నీకు కావాల్సిన హైడ్రోజన్ వెలుగులో కొంత బయటే ఆగిపోతుంది. ఫాస్ట్ సిస్టమ్స్ కని విడిగా చేసినవి ఉంటాయి, ఖరీదెక్కువ. మామూలు 7 నానోమీటర్లది తీసుకో, నిద్ర పడుతుంది. ఇంకా నీ డీఎస్ఎల్ఆర్ మోడిఫై చేయించకపోతే ఆ ఎరుపుని కెమెరాలో ఫిల్టరే చాలావరకు ఆపేస్తుంది, కాబట్టి ముందు ఆ సంగతి చూడు. గెలాక్సీలకి మాత్రం ఏ ఫిల్టరూ పనికిరాదు, కారెక్కి ఊరి బయటకి పోవాల్సిందే.

అన్నట్టు ధ్రువుడు 17 డిగ్రీలే అని ఏడవకండి. నాకు ఇక్కడ 33. కానీ ఒమెగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం మీకు 25 డిగ్రీలు ఎక్కుతుంది, నాకు పది కూడా రాదు. కరీనా నెబ్యులా మీకు 13 డిగ్రీల్లో దొరుకుతుంది, నాకు అసలు ఉదయించదు. మా ఊరొచ్చినప్పుడల్లా ఈ ట్యూబ్ సూట్‌కేస్ లో పట్టదే అని నా బాధ.

డాబామీద_ఉప్పల్:
ఏడు వారాల తర్వాత మళ్ళీ వచ్చా. 6 ఇంచ్ ఎఫ్/4, కోమా కరెక్టర్, చెషైర్ తీసుకున్నా. లేజర్ కొనలేదు, కృత్తిక గారి పుణ్యం. కొలిమేషన్ మొదటిసారి నాలుగు గంటలు పట్టింది, ఇప్పుడు పదిహేను నిమిషాలు. ఇంట్లో చక్కగా చేసుకుని వికారాబాద్ వైపు వెళ్తే దార్లో స్పీడ్ బ్రేకర్లకే సగం పోతోంది, అక్కడ దిగాక మళ్ళీ చేసుకుంటున్నా.

ఫోకస్ ఇంత సతాయిస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు! తొమ్మిదింటికి సూది మొనలా ఉన్న నక్షత్రాలు పదకొండింటికి బూరెలు.

ఇప్పుడు సమస్య: ఫోటోలో కుడివైపు పై మూలలో నక్షత్రాలు సాగుతున్నాయి, మిగతా మూడు మూలలు ఓకే. కొలిమేషన్ మూడు సార్లు చూశా, బానే ఉంది.

కృత్తిక_కర్నూలు:
ఫోకస్ సంగతి మర్చిపోయా, సారీ. ఎఫ్/4 లో ఫోకస్ ఉండే మందం దాదాపు 0.04 మిల్లీమీటర్లు, అదే ఎఫ్/10 లో 0.27. నీ ట్యూబ్ ఉక్కుదైతే నాలుగు డిగ్రీలు చల్లబడేసరికి 0.03 కుంచించుకుపోతుంది, డిసెంబర్ రాత్రి నాలుగు డిగ్రీలు అంటే ఎంతసేపు. గంటకోసారి బాటినోవ్ మాస్క్ (ఫోకస్ చూసుకునే గాట్ల మూత) వేసి చూసుకో, ఎప్పటికైనా మోటార్ ఫోకసర్ పెట్టుకుంటావు, అందరం పెట్టుకున్నాం.

ఒక్క మూలే సాగితే స్పేసింగ్ (కరెక్టర్ కి సెన్సర్ కి మధ్య దూరం) కాదు, స్పేసింగ్ తప్పయితే నాలుగు మూలలూ పోతాయి. ఇది టిల్ట్ (ఏదో ఒక పక్కకి వాలడం). కరెక్టర్ ని కదపకుండా కెమెరా ఒక్కదాన్ని సగం చుట్టు తిప్పి ఇంకో ఫోటో తీయి. చెడ్డ మూల ఫోటోలో అదే చోట ఉంటే తప్పు కెమెరా వైపు, ఎదురు మూలకి పోతే ఫోకసర్ వైపు.

డాబామీద_ఉప్పల్:
తిప్పి చూశా, ఎదురు మూలకి పోయింది. ఫోకసర్ లో కరెక్టర్ ని పట్టుకునేది ఒకే ఒక్క స్క్రూ, బిగిస్తుంటే కరెక్టర్ ఒక పక్కకి వాలిపోవడం కంటికే కనపడుతోంది. మూడు స్క్రూల రింగు ఆర్డర్ పెట్టా, అది వచ్చేదాకా పాత ఫిల్మ్ డబ్బా కోసి సన్న ముక్క దోపా, తొంభై శాతం సర్దుకుంది.

ఇంకొక్కటి, ఫ్లాట్స్ (వెలుగు తేడాలు సరిచేయడానికి తీసే ఖాళీ ఫోటోలు) లో కింద ఒక పక్క వెలుగు నెలవంకలా వస్తోంది. ఏంటది?

పాతగాజు:
ట్యూబ్ వెనక తెరిచి ఉందిగా, ప్రైమరీ అంచుల పక్కనుంచి వెలుగు దూరుతోంది. డాబా మీద పక్కింటి ట్యూబ్ లైటు చాలు. చాలామంది వెనక షవర్ క్యాప్ తొడుగుతారు. ముందు ఒక గంట చల్లబడనిచ్చి ఆ తర్వాత తొడుగు.

డాబామీద_ఉప్పల్:
మా ఆవిడ షవర్ క్యాప్ అడిగితే ఇచ్చింది, గులాబీ పూలు ఉన్నాయి దాని మీద. తొడిగా. నెలవంక పోయింది అనుకుంటే ఇప్పుడు ఫ్లాట్స్ కి సన్నగా గులాబీ రంగు పట్టింది.

రాత్రిబండి_వరంగల్:
నల్ల గుడ్డ కట్టరాదే.