సర్పి మానింది, మంట మానలేదు: వెన్నుపాములో ఏం జరుగుతోంది?
మాది పరకాల. మూడు నెలల కింద మా బాపుకు నడుము చుట్టూ సర్పి (హెర్పిస్ జోస్టర్) లేచింది. పొక్కులు మానాయి కానీ, అంగీ తగిలినా నిప్పు పెట్టినట్టుంది అంటున్నాడు. రాత్రిళ్లు నిద్ర లేదు, ఊరికే భయపడుతున్నాడు.

నేను హనుమకొండలో నర్సింగ్ చదువుతున్నా. నొప్పి కబురు సన్నని నరాల మీదుగా వెన్నుపాము లోపల వెనుక భాగమైన 'వెనుక కొమ్ము'కు చేరుతుందనీ, అక్కడి న్యూరాన్ల (నాడీకణాల) తీగలు చాలావరకు అవతలి పక్కకు దాటి పైకి పోతాయనీ చదివాను. కొన్ని మెదడు నడుమ కబుర్లను పంచే థలామస్‌కు, కొన్ని మెదడు కాండంలోని పారాబ్రాకియల్ కేంద్రకానికి. అక్కడి నుంచి భయంతో సంబంధం ఉన్న అమిగ్డలాకు. బాపు భయానికి ఈ దారే కారణమా? మామూలు స్పర్శ నొప్పి దారిలోకి ఎలా దూరుతోంది?

తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. నటిస్తున్నాడని చుట్టాలు అంటుంటే బాపు కండ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు. వాళ్లకు నేను జవాబు చెప్పాలి.