ఇంటర్‌ఫేస్‌ని ‘అంతర్ముఖం’ అనవచ్చా?

ప్రశ్న:
తెలుగులో జావా అనే ప్రోగ్రామింగ్ భాష పాఠం రాసేటప్పుడు అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌ని ‘అమూర్త తరగతి’ అని, ఇంటర్‌ఫేస్‌ని ‘అంతర్ముఖం’ అని రాస్తే సరిపోతుందా? రెండింటి తేడా తెలుగు మాటల్లోనే తెలిసేలా చెప్పే దారి ఉంటే చెప్పండి.

జవాబు:
‘అంతర్ముఖం’ వద్దండి. ‘అంతర్’కి సంస్కృతంలో లోపల, మధ్య అని రెండర్థాలూ ఉన్నాయి. గంగా యమునల మధ్య నేలను అంతర్వేది అన్నది రెండో అర్థంలోనే, అంతర్జాతీయమూ అంతే. కానీ ‘అంతర్ముఖం’ అనగానే తెలుగువాళ్లకు లోచూపే గుర్తొస్తుంది. నలుగురిలో కలవని మనిషి అంతర్ముఖుడు. ఇంటర్‌ఫేస్ పని దీనికి పూర్తిగా తలకిందులు: లోపలి అమరికతో సంబంధం లేకుండా, బయటివాళ్లు పిలవదగిన మెథడ్లు (పేరు పెట్టిన పనులు) ఇవీ అని చెబుతుంది. అందుకే దాన్ని ‘ఇంటర్‌ఫేస్’ అనే ఉంచేయడం మేలు.

‘అమూర్త’ పర్వాలేదు. ‘న్యూ’ అని రాసి ఆ క్లాసు అనే నమూనా నుంచి నేరుగా ఆబ్జెక్ట్ తయారుచేయలేం కనుక మూర్తి లేనిదనడం నప్పుతుంది. లోపల ఏమీ ఉండదని మాత్రం అనుకోకూడదు.

మరో జవాబు:
పై మాటకు ఉదాహరణ జావాలోని ‘నంబర్’ క్లాసే. అందులో తనవి ఆరు మెథడ్లు. ఇంట్‌వాల్యూ, లాంగ్‌వాల్యూ, ఫ్లోట్‌వాల్యూ, డబుల్‌వాల్యూ నాలుగింటికీ ఒళ్లు (పని చేసే కోడ్) లేదు, దాన్నుంచి పుట్టే పిల్ల క్లాసు రాసుకోవాలి. బైట్‌వాల్యూ, షార్ట్‌వాల్యూ మాత్రం రాసే ఉన్నాయి: ఇంట్‌వాల్యూని పిలిచి, వచ్చిన విలువను కుదించి ఇస్తాయి. అంటే ఇది సగం కట్టిన ఇల్లు.

తేడా చెప్పడానికి తెలుగు వ్యాకరణమే చాలు. అబ్‌స్ట్రాక్ట్ క్లాసు పేరు నామవాచకం, అది ‘ఏమిటి’ అన్నదానికి జవాబు. చాలా ఇంటర్‌ఫేస్‌ల పేర్లు మన ‘దగిన’తో వచ్చే మాటల్లాంటివి: కంపేరబుల్ పోల్చదగినది, క్లోజబుల్ మూయదగినది. ఇంటిజర్ సంఖ్య, పోల్చదగినది కూడా. స్ట్రింగ్ సంఖ్య కాదు, అయినా పోల్చదగినదే. అటామిక్‌ఇంటిజర్ సంఖ్యే గాని కంపేరబుల్ కాదు. రెండు గుణాలూ వేటికవే అని ఈ మూడూ చూపిస్తాయి. ఒక క్లాసుకి తల్లి క్లాసు ఒక్కటే, ‘దగిన’లు ఎన్నైనా ఉండవచ్చు.

మళ్లీ ప్రశ్న:
2014లో వచ్చిన జావా 8 నుంచి ఇంటర్‌ఫేస్‌లోనూ డిఫాల్ట్ మెథడ్‌కి ఒళ్లు రాయవచ్చు కదా. ఇక తేడా ఏముంది?

జవాబు:
ఉందండి, అదీ పెద్దదే. ఇంటర్‌ఫేస్‌కి కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్) ఉండదు. అందులో రాసిన వేరియబుల్, మీరు రాయకపోయినా, పబ్లిక్ స్టాటిక్ ఫైనల్ (అందరికీ కనిపించేది, అన్ని ఆబ్జెక్టులకూ ఒక్కటే, మళ్లీ మార్చలేనిది) అయిపోతుంది. కనుక ప్రతి ఆబ్జెక్టుకీ విడిగా బ్యాలెన్స్ లాంటి విలువ దాచాలంటే ఇంటర్‌ఫేస్‌లో కుదరదు, అబ్‌స్ట్రాక్ట్ క్లాసు కావాలి.

డిఫాల్ట్ వచ్చిందే పాత కోడ్‌ని కాపాడడానికి. నలుగురూ వాడుతున్న ఇంటర్‌ఫేస్‌లో ఒళ్లు లేని కొత్త మెథడ్ చేరిస్తే, దాన్ని అమలుచేసే మామూలు క్లాసులు ఇక కంపైల్ కావు (నడిచే రూపంలోకి మారవు). ముందే కంపైలై ఉన్నవి లోడ్ అవుతాయి గాని, ఆ మెథడ్‌ని పిలిచిన క్షణంలో అబ్‌స్ట్రాక్ట్‌మెథడ్ఎర్రర్ వస్తుంది. ఇటరబుల్‌కి ఫర్‌ఈచ్‌ని డిఫాల్ట్‌గా చేర్చింది అందుకే. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఇంటర్‌ఫేస్‌ల నుంచి ఒకే పేరు, ఒకే రకం పారామీటర్లున్న డిఫాల్ట్‌లు వస్తే కంపైలర్ ఆపేస్తుంది. అప్పుడు మీ క్లాసులో ఆ మెథడ్‌ని మళ్లీ రాయాలి, కావాలంటే అందులోంచి ఇంటర్‌ఫేస్ పేరు, సూపర్ అని రాసి నచ్చినదాన్ని పిలవవచ్చు.

అబ్‌స్ట్రాక్ట్ క్లాసుతో వచ్చే చిక్కు వేరు. దాని కన్‌స్ట్రక్టర్‌లోంచి ఒళ్లు లేని మెథడ్‌ని పిలవకండి. పిల్ల క్లాసు వేరియబుల్స్‌కి అప్పటికింకా విలువలు అందవు, నల్ గానో సున్నా గానో కనిపిస్తాయి.

చివరి జవాబు:
‘దగిన’ సూత్రానికి ఒక సవరణ. కంపేరేటర్ కూడా ఇంటర్‌ఫేసే, కానీ అది పోల్చదగినది కాదు, పోల్చేది: బయట నిలబడి రెండు ఆబ్జెక్టులను పోలుస్తుంది. ఇంటిజర్ తనను తాను ఇంకో ఇంటిజర్‌తో పోల్చుకుంటుంది. పాఠంలో ‘పోల్చదగినది’, ‘పోల్చేది’ అని పక్కపక్కన రాయండి, ఆ రెండు పేర్ల తికమక అక్కడే విడిపోతుంది.